చూరు కోసిన రోజు

సోమవారం

ఏడో నిల్వ. వాలు కావలి జములమ్మ నమోదు.

రోజుకు రెండు మాటలు చాలని నీటి మండలి వారు మొదట్లోనే చెప్పారు. వాలు నిలకడగా ఉందా, పరదాలు ఊడాయా, అంతే. ఇంతవరకూ అలాగే చెబుతూ వచ్చాను. ఈ వారం రెండు మాటలు సరిపోవు. వినే ఓపిక లేకపోతే మీ ఇష్టం. చెప్పడం మాత్రం నేను ఆపను.

శుక్రవారం మొదలైన మంచు ఈ పొద్దుటికి గానీ ఆగలేదు. మబ్బు ఓడలు మా లోయ మీద ఇంతసేపు నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. మామూలుగా ఒక పూట మందు చల్లి, కావలసినంత కురిపించి, పక్క లోయకు వెళ్ళిపోతాయి. ఈసారి కింద మైదానంలో ఎండలు ముందే ముదిరాయట. నిల్వ పెంచమన్నారట. పొద్దున తలుపు లోపలికి తీస్తే ఎదురుగా మంచు గోడ. తలుపు అచ్చు దాని మీద దిగి ఉంది, గొళ్ళెం గుర్తుతో సహా. మంచును గంపలతో లోపలికే తోడుకుని, పొయ్యి మీద కరిగించుకుంటూ దారి చేసుకున్నాం. ఆ నీళ్ళతోనే జొన్న గటక వండారు. మీ నీళ్ళే. తాగేశాం.

మా గుంపంతా పాలమూరు వాళ్ళం. మా ముందు తరాలు దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోశాయి. ఆ ఆనకట్టల్లో ఇప్పుడు నీళ్ళు నిలవవు. నీటిని కొండల మీదే గడ్డగా దాచే కాలం వచ్చింది గనుక మేం మంచు మోస్తున్నాం. వాలు మీద తెల్ల పరదాలు కప్పడం, గాలికి లేవకుండా మేకులు దిగగొట్టడం, కరిగించే రోజున ఎండను బట్టి పరదాలు చుట్టడం గుంపు పని. మంచు ఎలా కూర్చుందో చూసి చెప్పడం నా పని.

మధ్యాహ్నం మా గుంపు మేస్త్రి కుర్మయ్యను తోడు తీసుకుని తెల్లగుట్ట అంచుదాకా వెళ్ళాను. మా శిబిరానికి నేరుగా పైన ఉన్న వాలు అది. వాలు మీదికి పోకుండా ఒక పక్కన గుంత తవ్వి పొరలు చూశాను. అడుగు పొరను గుప్పిట్లోకి తీసుకుంటే పంచదారలా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. నెల కిందటి పొడి చలికి అలా పలుకులు పలుకులుగా విడిపోయింది. దేన్నీ పట్టి ఉంచదు. దాని మీద ఇప్పుడు ఈ కొత్త మంచు బరువంతా పలకలా కూర్చుంది. ఒక ముక్కను విడిగా కోసి, మీద పార పెట్టి అరచేత్తో మెల్లగా తట్టాను. రెండో తట్టుకే ముక్క మొత్తం తెగి నా ఒళ్ళోకి జారింది.

తిరిగి వస్తుంటే కాళ్ళ కింద మంచు ఒక్కసారిగా గుప్పున కుంగింది. జానెడు లోతు కూడా కాదు, వేలెడంత. కానీ ఆ చప్పుడు మా కాళ్ళ దగ్గర మొదలై గుట్ట మీదికి పరుగెత్తడం ఇద్దరం విన్నాం. కుర్మన్న ఒంటికాలి మీద ఆగిపోయాడు.

"అడుగు ఎయ్యాల్నా, ఒద్దా?" అన్నాడు.

"నా అడుగుల్ల ఎయ్యి" అన్నాను. శిబిరం చేరేదాకా అతను నా అడుగుల్లోనే అడుగు వేస్తూ వచ్చాడు.

తెల్లగుట్ట మీద మీరే పాతించిన పేలుడు గొట్టాలు ఉన్నాయి. పోయిన ఏడాది దాకా పెద్ద మంచు పడ్డ ప్రతిసారీ మనుషుల్ని పక్కకు తప్పించి, వాటిని పేల్చి, మంచును కొంచెం కొంచెంగా కిందికి జారనిచ్చేవాళ్ళం. అలా జారితే నిల్వ తగ్గుతోందని ఈ ఏడాది వాటి తాళం మీ దగ్గరే పెట్టుకున్నారు. ఆ తాళం రేపు పొద్దుటికి తీయాలి. అడుగుతున్నాను.


మంగళవారం

తాళం తీయలేదు.

మీ జవాబు తెచ్చింది మా శిబిరం అధికారి మాధవీలత. తెనాలి అమ్మాయి. పంపుగది పక్క గదిలో ఉంటుంది. మంచు తుడుచుకుంటూ మా వంటశాలలోకి వచ్చి, పొయ్యి దగ్గర చేతులు చాపింది.

"ఒప్పుకోలేదండీ జములమ్మగారూ" అంది. "గుట్ట జారడానికి మూడింట ఒక వంతే అవకాశం ఉందట. ఆ మాత్రానికి నిల్వ వదులుకోలేమన్నారు. శిబిరం ఖాళీ చేస్తే పంపుగది గడ్డకడుతుంది కాబట్టి ఎవరూ కదలొద్దన్నారు."

"మీ లెక్క ఎంతొచ్చింది మేడం?"

"మూడింట రెండు. గుట్ట మీది యంత్రాలు చూపించేది అదే. మీరు గుంతలో చూసిందీ అదే. మొత్తం పంపించాను."

"దానికేమన్నరు?"

"పరిశీలిస్తామన్నారు."

మూడింట ఒక వంతు అంటే ఇక్కడ ఏమిటో చెబుతాను. గుట్ట కింద మేముండే లైన్ల ఇళ్ళు మూడు వరసలు. మొదటి వరసలో జంగమ్మ, ఆమె కుట్టు మిషను. రెండో వరసలో బిచ్చన్న కుటుంబం, నేను. మూడో వరసలో కుర్మన్న, పెళ్ళయి నెల కూడా కాని ఇంకో జంట. ఏ వరస ఇమ్మంటారు? మీ గదిలో కూర్చుని ఒకటి చూపించండి. ఆ వరసవాళ్ళకు నేనే వెళ్ళి చెబుతాను.

కిందికి దిగిపోదామంటే ఉన్న ఒక్క రోడ్డూ తెల్లగుట్ట పాదం వెంబడే పోతుంది. వాగు దాటి అవతలి ఒడ్డుకు పోతే, రాతి బొడిపె చాటున రించెన్ అంగ్మో మేకల కొట్టాలున్నాయి. అంగ్మో ఈ లోయ మనిషి. మాతో ఇన్నేళ్ళ సావాసంలో మా పాలమూరు మాటే నేర్చుకుంది. ఆ బొడిపె దాటి ఏ మంచు చరియా రాలేదని వాళ్ళ ముత్తవ్వలనాటి నుంచి చెప్పుకుంటున్నారట. అందరం అక్కడికి పోవచ్చు. కానీ పోయి ఎన్నాళ్ళు ఉండాలి? మీ మబ్బు ఓడలు శుక్రవారం మళ్ళీ వస్తున్నాయి. గుట్ట మీద ఇంకా బరువు పడుతుంది. పంపుగదికి రోజూ ఎవరో ఒకరు ఆ గుట్ట కిందినుంచే నడవాలి.

సాయంత్రం వంటశాలలో గుంపంతా కూర్చున్నాం.

"పడేదైతే పడనియ్యి, మనమున్నప్పుడే ఎందుకు పడాలె?" అన్నాడు బిచ్చన్న.

"ఎప్పుడు పడాల్నో మనమే జెప్తే?" అన్నాను.

తెల్లగుట్ట శిఖరం అంచున గాలి మంచును బయటికి తోసి పేర్చింది. ఇంటి చూరు ముందుకు చాచినట్టు, కింద ఆధారం లేకుండా గాల్లో వేలాడుతూ ఉంటుంది. మేం దాన్ని చూరు అనే అంటాం. ఆ చూరు తెగి వాలు మీద పడితే, ఆ దెబ్బకు కింద ఉన్న పలకంతా కదులుతుంది. పేలుడు గొట్టాలు రాకముందు కొండల్లో ముళ్ళు వేసిన తాడుతో చూరు కోసేవారని శిక్షణలో మాకు ఒక మాటగా చెప్పి వదిలేశారు. చేసి చూపించలేదు. ఆ సంగతి గుంపుకు చెప్పాను. కుర్మన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తాడుతోని మంచు తెగుతదా?"

"ముడి ముడికీ కొంచెం కోస్తది. ఇద్దరు ఈ దిక్కు, ఇద్దరు ఆ దిక్కు. రంపం గుంజినట్టు గుంజాలె."

"అయితే ముళ్ళు గట్టిగెయ్యాలె" అన్నాడు. అతను ఒప్పుకున్నాడని అలా తెలిసింది.

మాధవీలత గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు.

"నాకు చెప్పకండి" అంది. "వింటే నేను ఆపాలి."

"ఆపుతరా మేడం?"

ఆమె కళ్ళు దించుకుంది. "రేపు పొద్దున నా రేడియో పనిచెయ్యదు. బ్యాటరీ సరిగ్గా లేదు. అందరితో పాటు నేనూ వాగు దాటి వచ్చేస్తాను. నాకు తెలిసింది అంతే."

ఈ నమోదు ఈ రోజు పంపను. రేపు పని అయ్యాక పంపుతాను.


బుధవారం

తెల్లవారుతుండగానే గుంపు వాగు దాటడం మొదలుపెట్టింది. ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఎడం వదిలి, మాట లేకుండా నడవమన్నాను. మూటలు వద్దంటే విన్నది తక్కువ మంది. జంగమ్మ మిషను వైపు ఒకసారి చూసి, దాని మీద దుప్పటి కప్పి, నా వెంట వచ్చింది. తాడు లాగడానికి కుర్మన్న, నేను, జంగమ్మ, ఆశన్న. ఆశన్న మాట తక్కువ, భుజాలు పెద్దవి.

గుట్ట వెనక వైపునుంచి ఎక్కాం. అటువైపు గాలి మంచును నిలవనివ్వదు, రాయి బయటికి కనిపిస్తూనే ఉంటుంది. శిఖరం చేరేసరికి సూర్యుడు వచ్చాడు. చూరు పైనుంచి చూస్తే అదే నేల అనిపిస్తుంది. నున్నగా, గట్టిగా, పిలుస్తున్నట్టు ఉంటుంది. దాని మీద నాలుగడుగులు ఎక్కువ వేసినవాడు గాల్లో నడుస్తున్నట్టే. అందుకని రాయి కనిపించేచోటే నిలబడ్డాం. ఒక్కొక్కరి నడుముకు తాడు కట్టి, దాని కొసను వెనక బండకు చుట్టాను. ముడుల తాడు నడిమి భాగాన్ని చూరు మీదుగా అవతలికి విసిరాం. మూడుసార్లు గాలి వెనక్కి కొట్టింది. నాలుగోసారి అది చూరు కిందికి జారి, అడ్డంగా పట్టుకుంది. ఒక కొస నేనూ కుర్మన్నా, రెండో కొస దూరంగా జంగమ్మా ఆశన్నా.

కింద మా లైన్ల నీలం కప్పులు, పంపుగది, వాగు అవతల మేకల కొట్టాలు. మనుషులు ఆవగింజల్లా కొట్టాల వైపు చేరిపోయారు. అక్కడ మనుషుల్ని చూసుకోమని రేడియో ఇచ్చి ఉంచిన అంగ్మో అందులో పలికింది.

"జములా. అందరు వచ్చిండ్రు."

"మేడం ఒచ్చిందా?"

"వచ్చింది. మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్నది."

గుంజడం మొదలుపెట్టాం. తాడు మొదట అసలు కదల్లేదు. తరువాత కరకరమని ఒక్కో ముడీ లోపలికి దిగింది. మేం గుంజితే వాళ్ళు వదలాలి, వాళ్ళు గుంజితే మేం వదలాలి. ఆ లయ దొరకడానికి కాసేపు పట్టింది. కుర్మన్న మట్టిపనిలో పాడే పదం ఎత్తుకున్నాడు, గొంతు పైకి రాకుండా. అవతలి కొసన జంగమ్మ అందుకుంది. చేతి తొడుగుల్లోంచి కూడా తాడు కోస్తున్నట్టే ఉంది. చూరులోకి తాడు సగందాకా దిగిందనుకున్నప్పుడు జంగమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అక్కా, కింద జూడు."

పంపుగది పక్కన ఎర్ర కోటు కనిపించింది. ఎర్ర కోటు శిబిరంలో మాధవీలతకు మాత్రమే ఉంది.

రేడియోలో పిలిచాను. పలకలేదు. ఎందుకు పలుకుతుంది, తాను వింటే మమ్మల్ని ఆపాల్సి వస్తుందని తనే దాన్ని ఆపేసుకుంది. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అంగ్మోను పిలిచాను.

"ఉన్నది గదా అనుకున్న" అంది అంగ్మో. "పెద్ద గొట్టం మూత గురించి ఏందో అన్నది. నేను మేకల దిక్కు పోయిన."

అర్థమైంది. పంపుగదినుంచి పోయే పెద్ద గొట్టం అంగ్మో వాళ్ళ ఊరి మీదుగా దిగుతుంది. చరియ దెబ్బకు గొట్టం తెగితే పంపుగది తొట్టిలోని నీళ్ళన్నీ ఆ ఇళ్ళ మీద పడతాయి. మూత బిగించి రాలేదని మాధవికి ఆఖరి నిమిషంలో గుర్తొచ్చింది. నాకైతే అసలు గుర్తురాలేదు.

"నేను పోతున్న" అంది అంగ్మో. వద్దనే లోపు రేడియో ఆగిపోయింది.

ఇక మాకు చేయడానికి ఏమీ లేదు. సగం కోసిన చూరును మళ్ళీ అతికించలేం. తాడు గుంజలేం. వెనకనుంచి గాలి పెరిగింది, కొత్త మంచు తెచ్చి చూరు మీదే పోస్తోంది. కుర్మన్న నా భుజం తట్టి వేలు చూపించాడు. మా కాళ్ళకూ చూరు అంచుకూ మధ్య మంచులో నీలంగా ఒక గీత పడింది. తాడు దిగినచోట పడాల్సిన పగులు అది. దానికంటే ఎంతో ఇవతల, మా వైపు పడింది.

"ఎనకకు జరుగుదామా చెల్లె?"

"కదిలితే ఏమైతదో. ఉండు."

ఉన్నాం. వాగు దాటి ఒక నల్ల చుక్క పంపుగది వైపు వస్తోంది. అంగ్మో కాళ్ళకు కొమ్మలతో అల్లిన చట్రాలు కట్టుకుని నడుస్తుంది, మంచులో దిగదు. ఎర్ర చుక్క లోపలికి పోయింది. బయటికి రాలేదు. ఆ రెండు చుక్కల మీదా తెల్లగుట్ట మొత్తం ఉంది. దాని అంచున సగం తెగిన చూరు ఉంది. చూరుకు చుట్టిన తాడు నా చేతిలో ఉంది.

మండలి వారూ, మీకు చెబుతున్నది వినండి. ఆ కాసేపు నేను మీ కుర్చీలో కూర్చున్నాను. అవకాశం ఎంత అని లెక్క వేయబోయాను. వేయలేకపోయాను. లెక్క వేయలేనంత స్పష్టంగా వాళ్ళు నాకు కనిపిస్తున్నారు. మీకూ ఇలా కనిపించే ఏర్పాటు ఎవరైనా చేసి ఉంటే తాళం సోమవారమే తీసేవారు.

రెండు చుక్కలూ కలిసి బయటికొచ్చాయి. ఎర్ర చుక్క తొడలదాకా దిగిపోతోంది. ప్రతి రెండు మూడడుగులకూ పడుతోంది. ఒకచోట లేవలేదు. అంగ్మో ఆమె నడుముకు ఏదో కట్టి, వీపు తిప్పి, మేకను లాక్కుపోయినట్టు ఈడ్చింది. నా పక్కన కుర్మన్న పెదవులు కదులుతున్నాయి. కురుమూర్తి సామిని పిలుస్తున్నాడనుకుంటాను. నేను ఎవర్నీ పిలవలేదు. గుట్టతోనే మాట్లాడాను. ఇంతకాలం ఆగినావు, ఇంకొంచెం ఆగు, నేను చెప్పినప్పుడే పడాలె అని పళ్ళు బిగించి అన్నాను.

వాళ్ళు వాగు దాటారు. బొడిపె చాటుకు పోయారు. చాలాసేపటికి రేడియో పలికింది. మాట కన్నా ముందు రొప్పు వినిపించింది.

"జములా. ఇటు వచ్చినం. ఇంక గుంజు."

గుంజాం. పదం లేదు, లయ లేదు, నలుగురం ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజాం. ఎన్నో గుంజుకో తాడు హఠాత్తుగా తేలికైంది. నేను వెనక్కి పడ్డాను. చూరు వెళ్ళిపోయింది. దానితో పాటు కుర్మన్న నిలబడిన చోటు కూడా వెళ్ళిపోయింది. అతని నడుముకున్న తాడు టంగుమని బిగిసి, బండ మీద రాసుకుంటూ ఆగింది.

చప్పుడు ఆ తరువాత వచ్చింది. ముందు ఒక దెబ్బ, లోతుగా, పెద్ద తలుపు పడ్డట్టు. ఆ వెంటనే గుట్ట ఈ చివరనుంచి ఆ చివరదాకా గీత గీసినట్టు పగిలింది. వాలంతా పలకలు పలకలుగా విడిపోయి, ఒక్క క్షణం ఎటూ కదలనట్టు కనిపించి, కదిలింది. మీ పరదాలు కాగితాల్లా ముడుచుకుపోయాయి. మంచు పొగై లేచి లోయను కప్పేసింది. కాళ్ళ కింద కొండ వణుకుతూనే ఉంది.

పొగ తేరేదాకా మేం చూస్తూ కూర్చోలేదు. ముగ్గురం కుర్మన్న తాడు పట్టుకుని పైకి లాగాం. తల కనిపించింది, మీసాల నిండా మంచు. రాతి మీద బోర్లా పడి చాలాసేపు ఊపిరి పీల్చుకుని కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఒక కాలికి బూటు లేదు.

"ఒక బూటు మండలికి జమ" అన్నాడు.

నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగానే జంగమ్మ కిందికి చూసి ఆగిపోయింది. లైన్లు లేవు. మొదటి వరస, రెండో వరస, మూడో వరస, ఏదీ లేదు. నీలం కప్పు ఒక్కటి కూడా లేదు. పంపుగది గోడ ఒకటి మంచులోంచి పక్కకు వాలి కనిపిస్తోంది.

మూడింట ఒక వంతు అన్నారు. మూడు వరసలూ పోయాయి. మనుషులు ఒక్కరూ పోలేదు.

నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి పంపుతున్నాను.


గురువారం

మేకల మధ్య పడుకున్నాం. వెచ్చగా ఉంది, వాసనకు అలవాటు పడ్డాం. మాధవీలత కాళ్ళు అంగ్మో నూనె రాసి రుద్దితే మళ్ళీ రంగు తిరిగాయి. గొట్టం రెండుచోట్ల తెగిందట. మూత బిగించి ఉంది గనుక ఊరి మీద నీళ్ళు పడలేదు. ఊరి పెద్దలు బార్లీ పిండి, ఎండిన మాంసం తెచ్చి పెట్టారు.

అందరూ సంతోషంగా ఉన్నారని చెబితే అబద్ధం. బిచ్చన్న పొద్దున్నుంచి నా మొహం చూడలేదు. మధ్యాహ్నం అడిగేశాడు.

"నా ఇల్లు దీసినవు. అదే పడితే ఒక తీరు, నువ్వు పడగొడితివి. పిల్లల బట్టలు గూడ లేవు."

"అవును బిచ్చన్నా. నేనే పడగొట్టిన."

అతను లేచి ఒక్కడే వాగు దాటి, లైన్లు ఉన్నచోటికి వెళ్ళాడు. గడ్డల మీద నిలబడి కాలితో తన్ని చూశాడు. రాయిలా బిగిసింది, గడ్డపార దిగదు. చాలాసేపటికి తిరిగి వచ్చి పిల్లల పక్కన కూర్చున్నాడు. చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుని దాని తల వాసన చూస్తూ ఉండిపోయాడు. నాతో ఇప్పటికీ మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఫరవాలేదు.

జంగమ్మ మిషను గురించి ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.


శనివారం

నిన్న వస్తాయన్న మబ్బు ఓడలు రాలేదు. ఇవాళ మీ పరిశీలకుడు హెలికాప్టరులో వచ్చాడు. గిరిధర్ అని పేరు. మర్యాదస్తుడు. మేకల కొట్టంలో వంగి లోపలికి వచ్చి, మాతో పాటే కింద కూర్చుని, ఉప్పు చాయ్ తాగాడు.

"ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు" అన్నాడు. "చూడండమ్మా, అంత మంచు పడ్డాక గుట్ట దానంతటదే జారిందని రాసుకుంటాను. ప్రకృతి వైపరీత్యం. మీ ఉద్యోగాలు మీకుంటాయి. కొత్త లైన్లు కట్టిస్తాం, ఈసారి వాగు ఇవతల. మీ నమోదులు రెండు పొరపాటున వచ్చాయని తీసేయిస్తాను."

బిచ్చన్న తలెత్తి నా వైపు చూశాడు. అందరూ చూశారు. కొత్త లైన్ల మాట చిన్నది కాదు.

"తీసేస్తే తక్కిన నిల్వలల్ల ఉన్నోళ్ళకు ఎట్ల దెలుస్తది సారూ?" అన్నాను.

"వాళ్ళకు తెలియడం ఎందుకమ్మా?"

"వాళ్ళ మీద గూడ ఇదే మంచు పడ్డది. వాళ్ళ తాళాలు గూడ మీ దగ్గర్నే ఉన్నయి."

అతను గ్లాసు కింద పెట్టాడు. "మీరే దింపారని రాస్తే నిల్వ ధ్వంసం చేసినట్టవుతుంది. కేసు పెడతారు. నేను ఆపలేను."

"దానంతటదే పడ్డదంటే, మేము బతికింది అదృష్టం అంటరు. వచ్చే ఏడాది గూడ అదృష్టం మీదనే ఉండమంటరు. మేము అదృష్టం తోని బతకలే సారూ. తెల్లగుట్టను మేము దింపినం. పొద్దున పూట, మనుషులను పక్కకు దీసి, తాడుతోని కోసి దింపినం. ఎట్ల జెప్పిన్నో అట్లనే రాయండి."

"మీరొక్కరే సంతకం చేస్తారా?"

"నా పేరు మొదట రాయండి" అన్నాడు కుర్మన్న. "మేస్త్రిని నేను."

జంగమ్మ తన పేరు చెప్పింది. ఆశన్న, ఎవరూ అడగకముందే, చెయ్యి మాత్రం ఎత్తాడు. గోడకు ఆనుకుని కూర్చున్న మాధవీలత కాళ్ళ మీది కంబళి సర్దుకుంది.

"నా రేడియో పాడవలేదు సార్. నేనే ఆపాను. అది కూడా చేర్చండి."

బిచ్చన్న లేచి బయటికి పోయాడు. కోపంతో పోయాడనుకున్నాను. బయట హెలికాప్టరు నడిపేవాడితో అతను గట్టిగా అంటున్న మాట గోడలోంచి వినిపించింది. "నా ఇల్లు గీడనే ఉండె. మావోళ్ళే పడగొట్టిండ్రు. నా పిల్లలు గా కొట్టంల ఉన్నరు, పోయి జూసుకో."

పరిశీలకుడు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు. కాగితాలు సంచిలో పెట్టుకుని వంగి బయటికి వెళ్ళాడు.

సాయంత్రం రేడియో వేళకు అన్ని నిల్వల గుంపులూ లైన్లోకి వచ్చాయి. రోజూ ఆ వేళకు ముచ్చట్లు, పాటలు ఉంటాయి. ఈ రోజు పాటల్లేవు. తొమ్మిదో నిల్వ వాలు కావలి ఊశమ్మ అడిగింది.

"అక్కా, ముడికీ ముడికీ ఎంత ఎడం?"

చెప్పాను. జానెడు ఎడం. వెనక వైపునుంచే ఎక్కాలి. రాయి కనిపించేచోటే నిలబడాలి. పగులు మనం అనుకున్నదానికన్నా ఇవతల పడుతుంది, కుర్మన్న కింద నేల పోయింది, కాబట్టి నడుము తాడు లేకుండా ఎవరూ చూరు దరికి పోవద్దు. తాడు ముట్టుకునేముందు కింద ప్రతి మనిషి మొహం చూసినవాళ్ళు ఒకరుండాలి, ఆ మనిషి చివరిదాకా అక్కడే ఉండాలి. ప్రతి ఒక్కరి రేడియో పనిచేయాలి. మేం ఆ తప్పు చేశాం, మీరు చేయొద్దన్నాను. మాధవి నా పక్కనే కూర్చుని వింది. గొట్టం మూతలు ముందురోజే బిగించుకోమని తనే రేడియో తీసుకుని చెప్పింది.

మీరు కూడా వింటున్నారని తెలుసు. రెండోసారి ఇంకా నిదానంగా చెప్పాను.


మంగళవారం

గుంపును కిందికి దింపుతున్నారు. కేసు తాడు గుంజిన నలుగురి మీద, మాధవి మీద. తక్కినవాళ్ళకు పని లేదు. రోడ్డు మీది మంచును యంత్రాలతో తోసి దారి చేశారు. రెండు లారీలు వచ్చాయి. అంగ్మో ఒక మేకపిల్లను మాధవి చేతికివ్వబోతే, జైలుకు తీసుకుపోనివ్వరని మాధవి నవ్వింది. నిన్నటి నుంచి ఆమె చాలా నవ్వుతోంది.

లారీ వెనక గుడ్డ కప్పు కింద కూర్చుని ఈ నమోదు చెబుతున్నాను. ఇక నేను వాలు కావలిని కాను, ఇది తీసుకోవాలా వద్దా మీ ఇష్టం. తెల్లగుట్ట పాదం దాటుతున్నాం. గుట్ట ఒంటి మీద మంచు లేదు, నల్లగా రాయి కనిపిస్తోంది. ఎవరూ తలెత్తి భయపడటం లేదు. బిచ్చన్న చిన్న కూతురు నా ఒడిలో నిద్రపోతోంది. ఆమెను నా ఒడిలో పెట్టింది అతనే. పెట్టి పక్కకు తిరిగి కూర్చున్నాడు.

మలుపు దగ్గర అవతలి లోయనుంచి ఒక చప్పుడు వచ్చింది. లోతుగా, చాలాసేపు. డ్రైవరు బండి ఆపేశాడు. కుర్మన్న నా వైపు చూశాడు. నేను రేడియో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. అందులో గాలి తప్ప ఏమీ లేదు. లారీలో ఒక్కరూ కదల్లేదు.

తరువాత ఊశమ్మ గొంతు వచ్చింది. వెనక గిన్నెల చప్పుడు, పిల్లల అరుపులు.

"అక్కా, మా గుట్టను దింపినం. అందరం ఇవతల్నే ఉన్నం. బువ్వ దింటున్నం."